అత్తకి చెప్పిన అంతస్తులు

అద్దెకి ఇల్లు చూసుకోడానికి వెళ్ళినప్పుడు ఇంటావిడ మమ్మల్ని మొట్టమొదట అడిగింది ఎంతమంది ఉంటారని కాదు, ఏం పని చేస్తారని కాదు. "పెద్దావిడ ఆరోగ్యం ఎలా ఉందండీ?" అని. ఆటోలోంచి దిగుతున్న మా అత్తని ఎగాదిగా చూసి మరీ అడిగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అవసరం మనది కదా. పళ్ళన్నీ బయటపెట్టి, "రాయిలా ఉంటుందండీ" అన్నాను.

అప్పటికది అబద్ధం కాదు. మా అత్త ఆ రోజు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మేడ మీది వాటాలోకి ఎక్కేసింది. ఎక్కి, గదులు చూసి, "అగ్గిపెట్టిలా ఉన్నాదే" అంది. ఇంటావిడ వినేట్టే అంది.

ఆవిడ నాకు అత్త మాత్రమే కాదు, మా నాన్నకి అక్క. మేనరికం. నేను పుట్టినప్పుడు బొడ్డు కోసిన మంత్రసాని పక్కన నిలబడి "నాకు కోడలు పుట్టింది" అని ఊరంతా వినేలా అరిచిందట. అప్పణ్నుంచీ నేను ఆవిడకి 'గుంట'నే, అంటే చిన్నపిల్లనే. నాకు యాభై దాటింది, బడిలో తెలుగు చెబుతాను, నన్ను చూస్తే పిల్లలు బెంచీల మీంచి లేచి నిలబడతారు. అయినా నడివీధిలో "ఒసే గుంటా, బేగి రాయే" అని కేకేసేది. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. అంచేత మా ఇంట్లో దెబ్బలాటలన్నీ మేమిద్దరమే ఆడుకునేవాళ్ళం.

చీపురుపల్లి దగ్గరి పల్లెలో తన వాటా మెరక పొలం అమ్ముకుని, విజయనగరంలో కోటకి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో జాగా కొన్నది మా అత్తే. పునాది మట్టి తట్టలతో తనే మోసింది. మూడు గదుల పెంకుటిల్లు. వానొస్తే నాలుగు చోట్ల గిన్నెలు పెట్టాలి. అటూ ఇటూ ఉన్న వాళ్ళు బిల్డరుకి జాగాలు ఇచ్చేశారు, మాది ఒక్కటే మధ్యలో మిగిలింది. ఇస్తే తొమ్మిది అంతస్తుల మేడ లేస్తుంది, జాగా ఇచ్చినందుకు మాకు రెండు ఫ్లాట్లు వస్తాయి. ఊరి నడిబొడ్డున అంత ఎత్తు కట్టడం అప్పటికి కొత్త. నాకు ఆశ పుట్టింది. లిఫ్టు ఆశ, కారని కప్పు ఆశ. ఆరు నెలలు అత్త చెవి దగ్గర జోరీగలా తిరిగాను. వేలిముద్ర వేయించింది నేను. మా ఆయన కాదు, బిల్డరు కాదు, నేను.

వేలిముద్ర వేసే ముందు అత్త ఒక్కటే అడిగింది. "నేను పోయీలోగా ఇంట్లోకి దిగిపోవాల. అద్దింట్లో పోనాననుకో, ఆ ఇంటోలు శవాన్ని గుమ్మంలో కూడా ఉంచనీరు. ఏటి నాయినా, సెప్పు."

బిల్డరు నవ్వాడు. "రెండేళ్ళు కళ్ళు మూసుకోండి మామ్మగారూ."

"కళ్ళు మూసుకుంటే మల్లీ తెరుస్తానో నేదో. తెరిసే ఉంటాను, నువ్వు బేగి కట్టు" అంది.

అక్కడ రెండు తప్పులు చేశాను. ఒకటి, మాకు మొదటి అంతస్తు ఇస్తానని బిల్డరు తనంతట తనే అన్నాడు, పెద్దావిడకి కింద అయితే సుఖం అని. దోమలొస్తాయని నేనే వద్దన్నాను. కోట బురుజులు కనబడతాయని ఏడోది అడిగాను. రెండో ఫ్లాటు ఐదోదాంట్లో, అద్దెకిచ్చుకోడానికి. రెండో తప్పు ఇంకా ఘోరం. ఇంటి ప్లానుకి ఇంకా అనుమతి రాలేదు, అప్పుడే ఖాళీ చేయక్కర్లేదు అన్నారు బిల్డరు వాళ్ళు. కానీ ఆషాఢం వచ్చేస్తోంది. ఆషాఢంలో ఇల్లు మారకూడదు. శ్రావణం దాకా ఆగితే పని వెనకబడిపోతుందని భయపడి, జ్యేష్ఠంలోనే ముహూర్తం పెట్టించి, హడావిడిగా సామాన్లు ఎత్తించేశాను. తీరా చూస్తే మొదటి గునపం పడింది మళ్ళీ వేసవిలో. పది నెలలు మా ఇల్లు తాళం వేసుకుని అలాగే ఉంది. ఆ పది నెలలూ మా అత్త ఇంకా తన కాళ్ళ మీద తను నడుస్తున్న రోజులే. ఆ ఇంట్లో ఉండాల్సిన మనిషి అద్దింట్లో గోడలు చూస్తూ కూర్చుంది. ఎంత శాస్త్రం చూశానమ్మా నేను!

బడి నుంచి తిన్నగా ఇంటికెళ్తే పావుగంట. సైటు మీంచి వెళ్తే అరగంట. మూడేళ్ళలో నేను తిన్నగా ఇంటికి వెళ్ళిన రోజు లేదు. పెంకులు దించడం చూశాను. మిషను వచ్చి గోడని ఒక్క తోపు తోస్తే మా వంటిల్లు కూర్చుండిపోవడం చూశాను. సెల్లారు కోసం గొయ్యి తవ్వుతుంటే ఊట పడింది. రెండు మోటార్లు పెట్టి తోడితే కాలవ నిండి వీధంతా బురద. ఇంటికెళ్ళి చెబితే అత్త మంచం మీద లేచి కూర్చుంది. "నా వంటిల్లు ఉన్న సోట గొయ్యేటే? కార్లకా? కార్లకి ఇల్లు ముందూ, మనకి తరవాతానా?" అని మర్నాటిదాకా సణిగింది.

మొదటి స్లాబు వేసిన రోజు నాకు పండగే. పొద్దున్న మొదలెడితే కాంక్రీటు కలిపే మిల్లరు ఆగలేదు. ఆడకూలీలు వరసగా నిలబడి తట్టలు అందిస్తుంటే మేస్త్రి పైనుంచి పేరుపేరునా తిట్లు తిడుతున్నాడు. కోటబొమ్మాళి వైపు మనిషి. గోడకానుకుని నిలబడ్డ నన్ను చూసి, "ఏటమ్మా, రోజూ వస్తన్నావు, ఇంజినీరువా?" అన్నాడు. జాగా మాదేనని చెప్పాక స్టూలు వేసేవాడు, టీ తెప్పించేవాడు. అలా ఒకటి, రెండు, మూడు స్లాబులు. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడవకముందే లోపల్నుంచి ప్రశ్న వచ్చేది, "ఏటే గుంటా, ఏసీసినారా?"

నాలుగో స్లాబు సమయానికి అత్త నీళ్ళ గదిలో జారి పడింది. తుంటి విరిగింది. ఈ వయసులో ఆపరేషను తట్టుకోదన్నారు. కళ్ళల్లో పొరలు ముందే ఉన్నాయి. మనిషి మంచానికి అతుక్కుపోయింది. అప్పుడు మొదలైంది ఇంటావిడ రాక.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. అది చెప్పకపోతే నాకు పాపం. ఉప్పిండి చేస్తే గిన్నెడు పైకి తెచ్చేది, నేను బడికి వెళ్ళాక అత్తకి మంచినీళ్ళు పట్టేది. కానీ మాకంటే ముందున్నవాళ్ళ తండ్రి ఆ వాటాలోనే, ధనిష్ఠా పంచకంలో పోయాడు. నెలకోసారి వరసగా ఐదు చెడ్డ నక్షత్రాలు వస్తాయి. ఆ రోజుల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆ ఇంటికి తాళం వేసి, నెలల తరబడి దీపం పెట్టకుండా వదిలేయాలంటారు. ఆవిడ ఆరు నెలలు వాటా మూసేసింది. తెరిచాక ఏడాది దాకా ఎవరూ చేరలేదు. అంచేత ఆవిడ గోడ క్యాలెండర్లో ప్రతి నెలా ఐదు గళ్ళకి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉండేవి. ఆ ముందురోజు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి, "రేపట్నుంచేనండీ. కాస్త చూసుకోండి" అనేది. ఏం చూసుకోను? ప్రాణం ఏమన్నా పాల గిన్నా, పొంగకుండా చూసుకోడానికి? ఆ ఐదు రోజులూ నేను బడిలో పిల్లలకి పద్యం చెబుతూ మధ్యలో మర్చిపోయేదాన్ని. ఇంటికొచ్చి ముందు అత్త ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఒకసారి టక్కున కళ్ళు తెరిచి, "సావనేదులే, సెయ్యి తియ్యి. ఉల్లిపాయి కంపు" అంది.

ఐదో స్లాబు పడింది. ఆ తరవాత పని ఆగిపోయింది. ఇసుక లేదన్నారు. తరవాత భాగస్తులకి పడలేదన్నారు. తరవాత ఏమీ అనడం మానేశారు, ఫోను ఎత్తడం మానేశారు. మేస్త్రి మనుషులంతా మూటలు కట్టుకుని వేరే ఊళ్ళకి పోయారు. సామాన్లకి కాపలాగా అతనూ పెళ్ళామూ సెల్లారులో రేకుల గదిలో మిగిలారు. ఐదో స్లాబు మీంచి ఆకాశంలోకి పొడుచుకొచ్చిన చువ్వలు తుప్పు పట్టడం మొదలైంది.

ఆ మొదటి సాయంత్రం నాకు నిజం చెప్పే ఉద్దేశమే ఉంది. కానీ అత్త ఆ రోజంతా ఏమీ తినలేదు. పళ్ళెం పట్టుకుని పక్కన కూర్చున్నాను. "ఏటే, ఏసీసినారా?" అంది.

"ఆరోదానికి చెక్కలు కొడుతున్నారత్తా" అన్నాను.

"అయితే పెట్టు" అంది. నాలుగు ముద్దలు తింది.

అంతే, ఇక నా నోటికి అడ్డూ ఆపూ లేదు. ఆరు వేశాను, ఏడు వేశాను, తొమ్మిది దాకా ఎక్కేశాను. ఎండిపోయిన స్లాబు కింద రోజూ పది నిమిషాలు నిలబడి, చువ్వల మీద వాలిన కాకుల్ని చూసి, ఇంటికెళ్ళి గోడలు కట్టించేదాన్ని. పొయ్యి గట్టు తూర్పుకే పెట్టించానన్నాను. నల్ల రాయి అంటే, నల్లదేటి దరిద్రం, ఎర్రది ఎయ్యమను అంది. మేస్త్రితో మాట్లాడి మార్పించానన్నాను. లేని గదిలో బీరువా ఏ మూల పెట్టాలో మేమిద్దరం రెండు రోజులు మాటాడుకోకుండా దెబ్బలాడుకున్నాం. మా ఆయన వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "ఎందుకే ఇదంతా?" అన్నాడు. "తింటోంది కదండీ" అన్నాను.

అబద్ధానికి ఒక తెగులుంది. అది ఒకచోట ఆగదు. పది నెలలు గడిచేసరికి నా మేడకి రంగులు కూడా అయిపోయాయి. చెప్పడానికి మరింకేమీ మిగల్లేదు. ఒకరోజు అత్త నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి వేడిగా లేదు, బరువుగా కూడా లేదు. "మరింకేటి? పాలెప్పుడు పొంగిస్తారు?" అంది.

మంచి రోజు చూస్తున్నాం అన్నాను.

ఆ నెల ఎర్ర సున్నాల్లో రెండో రోజున ఆవిడ తినడం మానేసింది. గొంతులో గురక మొదలైంది. డాక్టరు వచ్చి చూసి, పెద్దాసుపత్రికి తీసుకెళ్తే తీసుకెళ్ళండి, ఇంక పెద్ద తేడా ఏమీ ఉండదు అన్నాడు. మూడో రోజు పొద్దున్నే ఇంటావిడ పైకొచ్చింది. తిట్టలేదు, అరవలేదు. గుమ్మం పట్టుకుని ఏడ్చింది. "మీకు దణ్ణం పెడతానండీ. ఇంకొక్కసారి తాళం వేయలేను. ఆసుపత్రికైనా తీసుకెళ్ళండి" అంది.

నాకు కోపం రావాలి. రాలేదు. ఆవిడ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. సరే, ఆసుపత్రే అనుకున్నాం. మా ఆయన దుప్పటి మడత పెడుతున్నాడు. లోపల్నుంచి అత్త గొంతు, అంత గురకలోనూ స్పష్టంగా వినబడింది.

"ఆసుపత్రికి తోలీకండి. ఇల్లు తయారుగా ఉండగా ఆసుపత్రిలో సావడమేటి? నన్ను ఇంటికి తీసుకుపోండి."

ఓలమ్మో! అప్పుడు నా పరిస్థితి ఏం చెప్పను. పది నెలలు ముద్దముద్దకీ తినిపించిన అబద్ధమది. దాన్నే నమ్ముకుని ఆవిడ ఇంటికి బయల్దేరింది. నిజం చెబితే ఆ పూటే గుండె పగిలి పోతుంది. చెప్పకపోతే తీసుకెళ్ళడానికి ఇల్లు లేదు. మా ఆయన దుప్పటి పట్టుకుని నావైపు చూశాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బావుండేది.

"ఆటో పిలవండి" అన్నాను.

సైటు గేటు దగ్గర మేస్త్రికి చెప్పాను. దాచకుండా అంతా చెప్పాను. అతను ఆటోలోకి తొంగి చూసి, తలకి చుట్టిన తువ్వాలు విప్పాడు. "సైటు మీద మనిసి పోతే పనోలు మరి రారమ్మా" అన్నాడు. మళ్ళీ తనే, "పనే నేదు, ఇంక రావడమేటి, మానడమేటి. ఎక్కడికి?" అన్నాడు.

"పైకి. ఎంతవరకుంటే అంతవరకు."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా నా చీరతో కట్టాం. మా ఆయన, మేస్త్రి, పక్క వీధి సైటులో పనిచేసే మరో ఇద్దరు కలిసి మోశారు. పిట్టగోడ లేని మెట్లు. నేను వెనక అడుగులో అడుగేసుకుంటూ, ఇంకా సిగ్గు లేకుండా చెబుతూనే ఉన్నాను. "లిఫ్టు ఇవాళ కరెంటు లేక ఆగిందత్తా. అందుకే మెట్లు." మేస్త్రి నావైపు తిరిగి చూసి, తల దించుకున్నాడు.

ఐదో స్లాబు మీద దించాం. పైన ఏమీ లేదు, ఆకాశం. చుట్టూ స్తంభాలకి వదిలిన చువ్వలు. మా ఐదో అంతస్తు ఫ్లాటు ఎక్కడ వస్తుందో మేస్త్రికి తెలుసు, ఆ మూలే చాప పరిచాడు. పొద్దుటి ఎండ, గాలి మాత్రం ధారాళంగా వస్తోంది. మేస్త్రి పెళ్ళాం రెండు చెక్కలు నిలబెట్టి, చీర కట్టి నీడ చేసింది.

అత్త కాసేపు గాలి పీల్చుకుంది. ఆ కళ్ళకి ఏం కనబడిందో తెలీదు, వెలుతురు తెలిసి ఉంటుంది. "ఇంత ఎలుగేటే? గోడలేవీ?" అంది.

"అద్దాలత్తా. పెద్ద పెద్ద అద్దాలు పెట్టించాను."

గాలికి ఆవిడ తెల్లజుట్టు మొహం మీద పడుతోంది. నేను తీస్తున్నాను, మళ్ళీ పడుతోంది. అప్పుడంది, "అద్దాల్లోంచి గాలొస్తాదేటే?"

చీర నీడ సరిచేస్తున్నట్టు అటు తిరిగాను.

"అబద్ధమాడినా అతికినట్టుండాల. టీసరువి, అది కూడా రాదు నీకు" అంది. నవ్విందో, ఎగపోసిందో తెలీలేదు. నేను ఆవిడ కాళ్ళ మీద పడి బావురుమన్నాను. ఆవిడ చెయ్యి నా తల మీదికి రావడానికి చాలాసేపు పట్టింది. "ఊరుకో గుంటా. మనదేనా? అది సెప్పు."

"మనదే అత్తా. ఇది మాత్రం మనదే. ఒట్టు."

"అయితే సాలు. పాలెట్టు."

మూడు ఇటుకలు, సెంట్రింగు చెక్కల ముక్కలు. మేస్త్రి పెళ్ళాం తన గిన్నె తోమి, పసుపు రాసి తెచ్చింది. మా ఆయన కిందకి పరిగెత్తి పాల ప్యాకెట్లు తెచ్చాడు. గాలికి మంట నిలవదు. నలుగురు మగాళ్ళు చుట్టూ గోడలా నిలబడ్డారు. ఆ ఇంటికి ఆ రోజు ఉన్న గోడలు అవే. పాలు పొంగి ఇటుకల మీంచి కారాయి. చెంచాతో పోస్తే ఒక్క గుక్క మింగింది. మధ్యాహ్నం తిరిగాక పోయింది. అద్దింట్లో కాదు, ఆసుపత్రిలో కాదు.

నక్షత్రం మాట పురోహితుణ్ణి అడిగాను. ఆయన పంచాంగం మూసి, "తలుపే లేని ఇంటికి తాళం ఎక్కడ వేస్తారమ్మా" అన్నాడు.

మరో ఏడాదికి ఎవరో కొత్త భాగస్తుడు వచ్చాడు, పని మళ్ళీ మొదలైంది. ఇప్పుడు ఏడో అంతస్తులోనే ఉంటున్నాం. బురుజులు కనబడతాయి. పొయ్యి గట్టుకి ఎర్ర రాయే వేయించాను. లిఫ్టులో ఐదు దగ్గర తలుపు తెరుచుకుంటే ఇప్పటికీ గబుక్కున మూసే బటను నొక్కుతాను.

పోయిన నెల ఐదోదాంట్లో అద్దెకి అడగడానికి గజపతినగరం నుంచి ఒకమ్మాయి వచ్చింది. భర్తకి ఇక్కడికి బదిలీ అయిందట. వెంట అత్తగారు కూడా ఉంది, బక్కపల్చని మనిషి, హాల్లో గోడకి జారబడి కూర్చుంది. సరిగ్గా ఆ మూల. నేను గదులు చూపిస్తున్నాను, కుళాయిలు తిప్పుతున్నాను. మధ్యలో నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"పెద్దావిడ ఆరోగ్యం ఎలా ఉందండీ?"

ఆ అమ్మాయి మొహంలో రంగు మారింది. వెంటనే సర్దుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. "రాయిలా ఉంటారండీ" అంది.

నాకు ఆ నవ్వు తెలుసు. మరింకేమీ అడగలేదు, తాళాలు ఆ అమ్మాయి చేతిలో పెట్టేశాను. పైకొచ్చి చేతులు కడుక్కున్నాను. తరవాత గోడ మీది క్యాలెండరు దించి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ నెల ధనిష్ఠ ఎప్పుడొచ్చిందో వెతికాను.